తాగుబోతన్న పేరు

మే పంతొమ్మిది, సోమవారం. ఉదయం ఐదు గంటలకు ఇబ్రహీంపట్నంలో వాటర్ ట్యాంకు కింది మొదటి వాల్వు తెరుచుకుంది. తెరిచింది శోభ. మున్సిపాలిటీ హాజరు పుస్తకంలో ఆ పని చేసే మనిషిగా ఉన్న పేరు ఆమె భర్త లింగస్వామిది.

లింగస్వామి అప్పుడు మోపెడ్ వెనుక సీటు మీద కూర్చుని ఉన్నాడు. వయసు నలభై మూడు. మెడ చుట్టూ తడి తువ్వాలు ఉంది. తల కొంచెం పక్కకు వంచి, వాల్వు గుంతలోంచి వచ్చే చప్పుడు వింటున్నాడు.

వాల్వు తిప్పే చావి నాలుగడుగుల ఇనుప కడ్డీ. పైన పట్టుకోవడానికి అడ్డంగా ఒక పట్టీ ఉంటుంది. కడ్డీని గుంతలోకి దించి, కింది చివరను వాల్వు తలకు తగిలించి, అడ్డపట్టీని గానుగ తిప్పినట్టు తిప్పాలి. శోభ కొంగు నడుముకు చెక్కుకుని, ఒంటి బరువంతా పట్టీ మీద వేసి తిప్పుతోంది.

"ఎన్నయినయ్?" అన్నాడు లింగస్వామి.

"ఆరు."

"ఇంకొకటిన్నర. గంతే. ఎక్కువ తిప్పితె కింది గల్లీల పైపు అతుకు ప్యాకింగ్ వోతది."

"రోజు గిదే మాట. నాకెరుక లేదా?"

"ఎరుకైతె ఆరు కాడ ఎందుకాగినవ్?"

"ఊపిరి దీస్కునెతందుకు. నీ లెక్క నేను బండి మీద గూసోలె గదా."

అతను నవ్వాడు. ఆమె మిగిలిన చుట్టున్నర తిప్పి, కడ్డీని నిలబెట్టి పట్టుకుంది. అతను బండి దిగాడు. బండికీ గుంతకూ మధ్య ఐదడుగులు. మొదటి రెండు అడుగులకు బండి సీటును పట్టుకున్నాడు. తర్వాత ఆమె భుజం అందింది. వంగి, కుడి చెవిని కడ్డీకి ఆన్చాడు. నీళ్లు పైపులో ఎంత దూరం పోయాయో కడ్డీ చెబుతుంది. మొదట గరగర వస్తుంది, తర్వాత ఒకే తీరుగా హోరు. హోరు వచ్చిందంటే చివరి ఇంటి నల్లా దాకా నీళ్లు ఎక్కినట్టు.

"ఎక్కినయ్," అన్నాడు. "పద."

అతని లైను మీద ఉన్నవి పద్నాలుగు వాల్వులు. ఏ వాల్వు ఎక్కడుందో, ఏది ఎన్ని చుట్లో కాగితం మీద ఎక్కడా లేదు. మున్సిపాలిటీ రాకముందు గ్రామపంచాయతీ ఉన్నప్పుడు వేసిన పైపులు కొన్ని, తర్వాత మిషన్ భగీరథ నీళ్ల కోసం వేసినవి కొన్ని. రెండు వాల్వుల మీద సీసీ రోడ్డు పోశారు. లింగస్వామి గుర్తు చెప్పి పగలగొట్టిస్తే తిరిగి బయటపడ్డాయి.

అతని తండ్రి పెద్ద చెరువులో చేపలు పట్టేవాడు. చెరువు నిండని ఏళ్లు వరుసగా వచ్చినప్పుడు, ఇరవై రెండేళ్ల కొడుకును పంచాయతీ వాటర్‌మన్ కిష్టా వెనుక పెట్టాడు. కిష్టా నేర్పిన పద్ధతి ఒక్కటే. చుట్లు లెక్కపెట్టు, చెవి పెట్టు, పద. లింగస్వామి అలాగే ఇరవై ఒక్క ఏళ్లు చేశాడు. అందులో చివరి పదమూడు నెలలుగా చావి తిప్పుతున్నది శోభ.

ఐదున్నరకు రెండో వాల్వు, ఆరుకు మూడోది. ఒక్కో గల్లీకి అరగంట నీళ్లు. మూసినప్పుడు మళ్లీ అన్ని చుట్లు వెనక్కి. శోభ మోపెడ్ నడుపుతుంది. లింగస్వామి వెనుక కూర్చుని కడ్డీని ఒళ్లో అడ్డంగా పట్టుకుంటాడు. గతుకులు వచ్చినప్పుడు, "జర పట్టుకో," అంటుందామె. అతను ఒక చేత్తో సీటు కింది కమ్మిని పట్టుకుంటాడు.

ఏడు గంటలకు ఐదో వాల్వు దగ్గర కమలమ్మ బిందెలతో నిలబడి ఉంది. ఆ గల్లీలో మొదటి ఇల్లు ఆమెది. నీళ్లు ముందుగా ఆమెకే వస్తాయి. ఆలస్యమైందని ముందుగా తిట్టేదీ ఆమే.

"వచ్చిండ్రా మారాజులు," అంది. "ఏం లింగన్న, నిన్నటిది దిగిందా, పొద్దుగాల మల్లొకటి ఏసినవా?"

"ఇంక దిగలే కమలక్క."

"సిగ్గులేదు. పెండ్లాం బండి నడ్పవట్టె, పెండ్లాం పాన తిప్పవట్టె, నువ్వు ఎనక పెండ్లికొడుకు లెక్క ఊరేగవడ్తివి. ఏమే శోభ, ఇంటికాడ తాళమేసి రారాదే గీన్ని."

శోభ తొమ్మిది చుట్లు తిప్పింది. తొమ్మిదీ పైకే లెక్కపెట్టింది.

లింగస్వామి జీవితంలో కల్లు గానీ సారా గానీ తాగలేదు. చిన్నప్పుడు ఒకసారి బోనాల నాడు మేనమామ పోస్తే కక్కుకున్నాడు. ఆ వాసన తర్వాత ఎప్పుడూ పడలేదు.

జబ్బు తొమ్మిదేళ్ల కింద ఎడమకంటితో మొదలైంది. మూడు వారాల పాటు ఆ కంటికి లోకం నూనె కాగితం వెనుక నుంచి కనిపించింది. దుమ్ము పడిందనుకుని కళ్లలో చుక్కలు వేయించుకున్నాడు. తగ్గింది. రెండేళ్ల తర్వాత నడుము నుంచి కింది దాకా ఎడమ కాలు మొద్దుబారింది. పక్షవాతమని తల్లి పోశమ్మ ఇటుకలు కాల్చి, గుడ్డలో చుట్టి పది రోజులు కాపడం పెట్టింది. కాపడం పెట్టిన ప్రతిసారీ కాలు ఇంకా పనిచేయకుండా పోయింది. పదకొండో రోజు అతను లేవలేదు. పట్నంలో పెద్ద దవాఖానకు తీసుకుపోతే అక్కడ మిషన్‌లో తల ఫోటో తీసి, పేరు చెప్పారు. మల్టిపుల్ స్క్లెరోసిస్.

దవాఖాన డాక్టర్ అతని పని ఏమిటని అడిగి, దాన్నిబట్టే చెప్పాడు. ఒంట్లో నరాలు పైపుల లాంటివి. పైనున్న పూతను ఒంట్లో ఉన్న కాపలావాళ్లే శత్రువనుకుని కొరికేస్తున్నారు. పూత పోయిన చోట మెదడు పంపిన మాట దారిలోనే కారిపోతుంది, చివరి ఇంటికి చేరదు. ఒకప్పుడు మానుతుంది, మళ్లీ వస్తుంది. పూర్తిగా పోయే మందు లేదు. ముందుకు పోకుండా ఆపే మందులున్నాయి. ఎండ, వేడి, జ్వరం పడవు. వేడెక్కితే పూత పోయిన నరం అసలే పని చేయదు. చల్లబడితే మళ్లీ కొంత చేస్తుంది. తల్లి పెట్టిన కాపడం ఏం చేసిందో అప్పుడు తెలిసింది. పోశమ్మ ఆ తర్వాత ఆరు నెలలు పొయ్యి మీద ఇటుక పెట్టనివ్వలేదు, అన్నం గిన్నె కింద ఆసరాకైనా సరే. రెండేళ్ల కింద ఆమె చనిపోయింది.

జబ్బు గురించి ఆఫీసులో చెప్పలేదు. దానికి కారణం ఇద్దరు మనుషులు. ఒకడు కిష్టా. రోజూ తాగేవాడు. ట్యాంకు మెట్ల మీద పడుకుని దొరికాడు, వాల్వు తెరిచి మరిచిపోయాడు, సర్పంచ్‌ను పేరు పెట్టి తిట్టాడు. తొమ్మిదిసార్లు మెమో ఇచ్చారు. ఏమీ కాలేదు. రిటైరై దండ వేసి పంపేదాకా పనిలోనే ఉన్నాడు. రెండోవాడు సంజీవ. ఊడ్చే పనిలో ఉండేవాడు, ఎన్నడూ ఆలస్యంగా రాలేదు. నడుము విరిగింది. పదో రోజు అతని పేరు కొట్టేసి ఇంకొకరిని పెట్టారు. ఆ ఇద్దరినీ చూసిన లింగస్వామికి ఒక సంగతి అర్థమైంది. తాగేవాడు రేపు మానేస్తాడని అనుకుంటారు. రోగం వచ్చినవాడి గురించి అలా అనుకోరు.

పోయిన ఏడాది ఏప్రిల్‌లో రేషన్ దుకాణం ముందు ఎండలో అతను తూలి పడ్డాడు. కమలమ్మ చూసింది. "తాగినవా?" అని అడిగింది. చుట్టూ ఏడెనిమిది మంది ఉన్నారు.

"జరంత," అన్నాడు లింగస్వామి.

ఆ మాట గల్లీలన్నీ తిరిగింది. ఆ తర్వాత ఎవరూ ఇంకేమీ అడగలేదు. నాలుక మడతపడితే తాగాడన్నారు. గోడ పట్టుకుని నడిస్తే తాగాడన్నారు. శోభ వెంట రావడం మొదలుపెట్టినప్పుడు, కల్లు కాంపౌండు వైపు పోకుండా కాపలాకు వస్తోందన్నారు.

అతను 'జరంత' అన్న రోజు రాత్రి శోభ వంట చేయలేదు. "రోగం నీది. పేరు నాది గూడ వోయింది గద," అంది. ఆమె తల్లి మహేశ్వరంలో ఉంటుంది. తాగుబోతు అల్లుడి ఇంటి నీళ్లు తాగనని అప్పటినుంచి రాలేదు. నిజం చెబుతానని శోభ రెండుసార్లు ఫోన్ పట్టుకుంది. తల్లికి చెబితే మహేశ్వరం బస్సంతా తెలుస్తుంది. పెట్టేసింది.

ఎనిమిదింటికి ఎండ గట్టిపడింది. చేపల మార్కెట్ దగ్గర శోభ బండి ఆపింది. మణెమ్మ లింగస్వామికి చిన్నాయన బిడ్డ. చేపల పెట్టెలోంచి ఒక ఐసు గడ్డ తీసి, కత్తి వెనుకతో పగలగొట్టి, అతని తువ్వాల్లో వేసి మూట కట్టింది. అతను దాన్ని మెడ వెనుక పెట్టుకున్నాడు. నీళ్లు వీపు మీదికి కారాయి. రెండు నిమిషాల తర్వాత వేళ్లు ముడిచి, విప్పి చూసుకున్నాడు.

"అన్నా, ఇయ్యాల రొయ్యల పెట్టెల గడ్డ. జర వాసనొస్తది," అంది మణెమ్మ.

"రానీ. తాగిన వాసన గాదు గద."

"గదొక్కటే తక్కువుండె," అంది శోభ.

ఐసు సంగతి అతనికి చెప్పింది శ్రీనిధి. మీర్‌పేట్ అమ్మాయి, బ్యాంకులో పని చేస్తుంది. నెలకొకసారి దవాఖాన లైనులో కలుస్తుంది. అతను మొదటిసారి పోయినప్పుడు ఆ లైనులో ఇదే జబ్బుతో ఇద్దరున్నారు. పోయిన నెల పదకొండు మంది. మిషన్‌లు పెరిగి ఎక్కువ మందికి తెలుస్తున్నదా, రోగమే పెరుగుతున్నదా అన్నది డాక్టర్ కూడా తేల్చి చెప్పలేదు. శ్రీనిధి ఆఫీసులో చెప్పేసింది. ఆమె కుర్చీ ఏసీ కిందికి మార్చారు. "మన రోగం బయటికి కనవడదన్నా. నువ్వు జెప్పకపోతే ఆల్లే ఏదో ఒక పేరు పెడ్తరు," అంది. వికలాంగుల చట్టంలో ఈ జబ్బు పేరు ఉందని ఫోన్‌లో చూపించింది. అతను ఆ కాగితం ప్రింటు తీయించి, తన దవాఖాన కాగితాలతో కలిపి ప్లాస్టిక్ కవర్లో పెట్టాడు. కవరు మోపెడ్ డబ్బాలో ఉంది. నాలుగు నెలలుగా అక్కడే ఉంది.

తొమ్మిది ముప్పావుకు ఫోన్ వచ్చింది. మున్సిపాలిటీ ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజనీర్, పరమేశ్వర్. మూడు నెలల కింద బదిలీ మీద వచ్చాడు.

"ఎక్కడున్నవ్?"

"ఎనిమిదో వాల్వు కాడ సార్."

"తొమ్మిదో వాల్వు కాడికి రా. ఫంక్షన్ హాల్ పక్కన. నేను ఆడనే ఉన్న."

లింగస్వామి ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. శోభ బండి తిప్పింది. ఇద్దరికీ తెలుసు. అది శనివారం సంగతి.

తొమ్మిదో వాల్వు మిగతా పదమూడింటి లాంటిది కాదు. అది ఉల్టా. అన్నీ కుడికి తిప్పితే మూసుకుంటాయి. ఇది కుడికి తిప్పితే తెరుచుకుంటుంది. ఇరవై ఏళ్ల కింద ఎవరో ఎక్కడినుంచో తెచ్చి బిగించారు. ఆ సంగతి శోభకు నేర్పింది లింగస్వామే. శనివారం మూసే వేళకు ఆమె ఎడమకు తిప్పబోయింది. "కుడికి," అన్నాడతను. ఆమె అతని ముఖం వైపు చూసింది. "కుడికి తిప్పు," అన్నాడు మళ్లీ. ఆమె కుడికి తిప్పింది. సగం తెరిచిన వాల్వు పూర్తిగా తెరుచుకుంది. వాళ్లు పదో వాల్వుకు వెళ్లిపోయారు. ఫంక్షన్ హాల్ వెనుక పైపు పగిలి వంటశాలలోకి నీళ్లు వచ్చాయి. పెళ్లి వంట అప్పుడే దింపారు. కబురు విని తిరిగి వచ్చినప్పుడు లింగస్వామి బండి ఆగకముందే దిగి, మూడడుగులు పరుగు పెట్టి, గోడకు కొట్టుకుని పడ్డాడు. ఎవరో వీడియో తీశారు. సాయంత్రానికి వార్డు వాట్సాప్ గ్రూపులో వచ్చింది. పద్దెనిమిది సెకన్లు. కింద, 'డ్యూటీలో ఫుల్లుగా' అని రాసి ఉంది.

ఆ రాత్రి శోభ అన్న మాట ఒక్కటే. "నాకెరుకే. నువ్వు జెప్పినవని తిప్పిన."

ఇరవై ఒక్క ఏళ్లలో అతను చుట్టు గానీ దిక్కు గానీ మరిచింది అదే మొదటిసారి. మరుపు కూడా ఈ జబ్బులో ఒక భాగమని డాక్టర్ ఒకసారి చెప్పాడు. లింగస్వామి ఆ మాట శోభకు చెప్పలేదు.

పది గంటల ఐదు నిమిషాలకు వాళ్లు ఫంక్షన్ హాల్ దగ్గరికి చేరారు. అతికిన పైపు నిలుస్తుందో లేదో చూడటానికి ఆదివారం రాత్రి నుంచి తొమ్మిదో వాల్వును తెరిచే ఉంచారు. ఏఈ పక్కన ఒక కానిస్టేబుల్ ఉన్నాడు. పేరు హరీశ్. చేతిలో తాగి నడిపేవాళ్లను పట్టే మిషన్ ఉంది. పదిమంది దాకా మూగారు. కమలమ్మ ఆటో ఎక్కి వచ్చింది.

"ఊదన్నా," అన్నాడు హరీశ్, గొట్టం అందిస్తూ.

లింగస్వామి ఊదాడు. మిషన్ పలకలేదు.

"ఊపిరి సాల్తలేదు. గట్టిగ."

రెండోసారి ఊదాడు. మిషన్ కూసింది. హరీశ్ చూసి, ఏఈకి చూపించాడు.

"సున్నా," అన్నాడు.

"సక్కగ జూడు," అంది కమలమ్మ. "మిషిన్ ఖరాబుండొచ్చు. నువ్వొకసారి ఊదు కొడుకా."

"నేనెందుకమ్మా?"

"నీకేమన్న వస్తె మిషిన్ మంచిదే."

జనం నవ్వారు. హరీశ్ కూడా నవ్వి, గొట్టం మార్చి ఊదాడు. సున్నా వచ్చింది. "రాత్రంత డ్యూటీ ఉండె. లేకుంటె చెప్పలేను," అన్నాడు.

ఏఈ నవ్వలేదు. లింగస్వామిని ఫంక్షన్ హాల్ గోడ నీడలోకి రమ్మన్నాడు. నీడ జానెడే ఉంది.

"చూడు. కమిషనర్ గారికి వీడియో పోయింది. తాగిండని నిన్ను తీసెయ్యమన్నరు. తాగలేదని నేను రాస్త, మిషిన్ చెప్పింది. పడ్డది కాలు జారి. సరేనా? ఇంకొక్కటి గావాలె. నువ్వు చావి వట్టి వాల్వు తిప్పుతున్నట్టు ఒక ఫోటో. రిపోర్టుకు పెడ్త. గంతే, అయిపాయె."

"తిప్పాల్నా సార్?"

"పట్టుకుంటె సాలు. ఫోటోల చుట్లు కనవడవు."

శోభ చావిని గుంతలో దించింది. ఎండకు ఇనుము కాలుతోంది. ఆమె అతని తువ్వాలు తీసుకుని అడ్డపట్టీకి చుట్టింది. ఐసు అప్పటికే కరిగిపోయింది. లింగస్వామి గుంత దగ్గరికి నడిచాడు. ఆరడుగులు. ఈసారి భుజం పట్టుకోలేదు. అడ్డపట్టీని రెండు చేతులతో పట్టుకున్నాడు. బరువు కడ్డీ మీద వేసి నిలబడ్డాడు. దూరం నుంచి చూస్తే పని చేస్తున్న మనిషిలాగే ఉన్నాడు.

ఏఈ ఫోన్ ఎత్తాడు. "అమ్మా, నువ్వు జర పక్కకు జరుగు. ఫోటోల వడ్తున్నవ్."

శోభ జరిగింది. తువ్వాలు తడి అంటిన చేతుల్ని చీరకు తుడుచుకుంది. అరచేతుల్లో వేళ్ల కింద నాలుగు చోట్ల కాయలున్నాయి. తాను చావి తిప్పిన రోజుల్లో లింగస్వామికీ సరిగ్గా ఆ నాలుగు చోట్లే ఉండేవి. అతను తన చేతుల వైపు చూసుకున్నాడు. అవి మెత్తబడి పోయాయి.

"సార్," అన్నాడు. "ఆపుండ్రి."

"ఏమైంది?"

"దీన్ని తిప్పేది నేను గాదు. పదమూడు నెల్ల సంది మా శోభ తిప్పుతుంది. ఫోటో ఆమెది దీయుండ్రి."

"ఏం మాట్లాడ్తున్నవయ్యా నువ్వు," అంది శోభ. గొంతు తగ్గించి అంది గానీ అందరికీ వినపడింది.

ఏఈ ఫోన్ దించాడు. "పదమూడు నెల్లా?"

"అవ్ సార్. జీతం నా పేరు మీద, పని ఆమెది. నా చేతులల్ల బలం లేదు. తాగి గాదు. రోగముంది. శోభా, ఆ కవర్ ఇయ్యి."

ఆమె మోపెడ్ డబ్బాలోంచి కవరు తెచ్చి ఏఈకి ఇచ్చింది. ఏఈ కాగితాలు ఒక్కొక్కటిగా చదివాడు. చదవడానికి నాలుగు నిమిషాలు పట్టింది. ఆలోపు లింగస్వామిని హరీశ్ తన బైకు మీద కూర్చోబెట్టాడు.

"ఈ రోగం పేరు నేనెన్నడు ఇనలే," అన్నాడు ఏఈ.

"ఉన్నరు సార్. మా దవాఖాన లైన్ల పదకొండు మంది. ఒకామె మీర్‌పేట్‌ల బ్యాంకుల జేస్తది. ఒకాయన కొంగరకలాన్ కంపెనీల. చెప్తె కొలువు వోతదని ఎవలు చెప్పరు."

"నువ్వు చెప్తివి గద ఇప్పుడు. ఇట్ల రాస్తె నిన్ను తీసేస్తరు. మునుపటి లెక్కనే రాస్తె ఉంటవ్. ఇంకొక్కసారి అడుగుతున్న."

"శనివారం నేను దిక్కు మర్చిన సార్. ఆమె మరవలే. నా మాట ఇని తిప్పింది. రేపు ఇంకేం మరుస్తనో నాకెరుక లేదు. ఆమెకు పద్నాలుగు వాల్వులు ఎరుకే."

ఏఈ శోభ వైపు తిరిగాడు. "ఇది బంద్ చెయ్యమ్మా."

ఆమె చావి పట్టింది. ఎడమకు తిప్పడం మొదలుపెట్టింది.

"ఉల్టా తిప్పుతున్నవ్," అన్నాడు ఏఈ.

"ఇది ఉల్టా వాల్వే సార్."

పదకొండు చుట్లు. లెక్క పైకి చెప్పలేదు. ఆగి, వంగి, చెవి కడ్డీకి ఆన్చింది. లింగస్వామి బైకు మీద నుంచి చూస్తున్నాడు. తనకు ఏమీ వినపడదని తెలిసీ అతను తల పక్కకు వంచాడు.

"ఆగినయ్," అంది శోభ.

ఏఈ ఆమె ఫోటో తీశాడు. రెండు తీశాడు. తర్వాత బండి సీటు మీద కాగితం పెట్టి తానే రాశాడు. ఆరోగ్యం బాగాలేనందున తప్పుకుంటున్నానని, తన స్థానంలో భార్యను తీసుకోవాలని లింగస్వామి కోరుతున్నట్టు రాశాడు. జబ్బు పేరును దవాఖాన కాగితం చూసి ఎక్కించాడు. లింగస్వామి సంతకం పెట్టడానికి మూడుసార్లు ప్రయత్నించాడు. మూడోసారి పెట్టింది పనికొస్తుందన్నాడు ఏఈ.

"కమిషనర్ గారు ఏమంటరో నేను చెప్పలేను," అన్నాడు. "మూడు నెలలు టెంపరరీగ పెట్టుమని నేను రాస్త. ఆర్డర్ వచ్చేదాక నీళ్లయితె బంద్ గావొద్దు."

"గావు సార్," అంది శోభ.

జనం కదిలారు. కమలమ్మ కదల్లేదు. లింగస్వామి ముందుకు వచ్చి నిలబడింది.

"అయితె ఇన్ని రోజులు తాగలేదా నువ్వు?"

"తాగలే అక్కా."

"మరెందుకన్నవ్ జరంత అని? తిట్టి తిట్టి నా నోరు నొచ్చె." ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. చెమటే. "నీళ్లు రేపు ఏడింటికేనా?"

"ఆమెనడుగు."

"ఏడింటికే," అంది శోభ. "ముందుగాల బిందెలు కడుక్కో."

పదకొండు దాటింది. లింగస్వామి పెదవులు తెల్లబడ్డాయి. కుడి కన్ను కూడా మసకబారుతోందని చెప్పాడు. ఇంకా ఐదు వాల్వులున్నాయి. శోభ వాటిని వదిలి రాలేదు. ఇంటిదాకా తాను దింపుతానన్నాడు హరీశ్. బైకు మీద అతన్ని సర్ది కూర్చోబెట్టి, తన రెండు వైపుల నుంచి చేతులు ముందుకు వేయించి పట్టుకోమన్నాడు.

"పదో దానికి..." అన్నాడు లింగస్వామి. అక్కడే ఆగాడు. చుట్ల లెక్క చెప్పలేదు.

"ఇంటికి వోయి చన్నీళ్లతోటి తానం జెయ్యి," అంది శోభ. "కుండల జొన్న గటకుంది. ఫ్యాను కింద పండు. పండేముందు మా అమ్మకు ఫోన్ జెయ్యి. నువ్వే చెయ్యి. నేను చెయ్య."

"ఏం జెప్పాలె?"

"గిక్కడ చెప్పినవ్ గద. గదే."

బైకు సాగర్ రోడ్డు వైపు తిరిగింది. ఆమె మూల మలుపు దాకా చూసి, గుంతలోంచి చావి పైకి తీసింది.

లింగస్వామి పదకొండు గంటల ఇరవై నిమిషాలకు ఇల్లు చేరాడు. మహేశ్వరానికి పదకొండు నలభైకి ఫోన్ చేశాడు. ఆ ఫోన్ పద్నాలుగు నిమిషాలు నడిచింది. కమిషనర్ ఆర్డర్ ఆ రోజు రాలేదు. పదో వాల్వు పన్నెండింటికి, చివరిదైన పద్నాలుగోది రెండింటికి తెరుచుకున్నాయి. మూడు గంటలకు శోభ తిరిగి ఫంక్షన్ హాల్ దగ్గరికి వచ్చి, తొమ్మిదో వాల్వు గుంతకు మూత వేసింది. హరీశ్ బైకు ఆగిన చోట, గోడ వారగా, లింగస్వామి మొద్దుబారిన ఎడమకాలి చెప్పు ఒక్కటి బోర్లా పడి ఉంది.